దింపుకున్నోళ్ళు ఒక్కరు

ఏంది తమ్మీ, అప్పుడే డిక్కీ ముయ్యబోతివి? పెట్టె అండ్ల పడతదా లేదా సుత చూడవా? అది నీ లాప్‌టాప్ సంచి గాదు, గుద్ది మూసేటందుకు. హార్మోని పెట్టె. తిత్తులకు జర దెబ్బ తగిలినా ఇగ పలకదు.

వెనుక సీట్ల పెట్టు. ఆ, అట్ల. కింద ఏమన్న మెత్తటిది ఏసినవా? ఎందుకేస్తవ్! ఇగో, నా శాలువ తీస్కో. తీస్కో అంటున్న గదా. నాకేం చలి పెడతలేదు, కడుపుల మస్తు మంట ఉన్నది.

అటుదిక్కు ఏం చూస్తున్నవ్? ఎవ్వలు రారు. అందరు కానుకల హర్రాజు పాట కాడ ఉన్నరు. కోత పండుగ అంటే మనోళ్ళకు దేవుని వాక్యం కంటే హర్రాజే ఎక్కువ గదా. ఇను, ఒక్క గుమ్మడికాయ కోసం ఎట్ల ఒర్లుతున్నరో! మా నాయిన సుత ఆడ్నే కుర్చీల కూసున్నడు, ఒళ్ళె పలక పెట్టుకొని. ఆయన వచ్చేలోపల నాలుగు మాటలు మాట్లాడతా. నువ్వు మాట్లాడకు. నువ్వు పొద్దున చర్చిల చానా మాట్లాడినవ్.

అబ్బబ్బ, మా నాయిన పాటల మీద ఏం సాక్ష్యం చెప్పినవ్ నోయలూ! "ఏసప్ప పంతులు పాటలు ఆఫీసుల హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్న. పద్నాలుగు పాటలు మొదటికెళ్ళి ఆఖరు దాంక విన్న. కండ్లల్ల నీళ్ళు ఆగలే" అంటివి. అయ్యగారు దస్తీ తీసిండు. రాచమ్మత్త ముక్కు చీదింది. మా నాయిన అయితే గొంతు లేకున్నా నోరు తెరిచి నవ్విండు. ఆపరేషను అయినంక ఆయన అట్ల నవ్వంగ నేను చూడలే.

అందుకే ఆడ నోరు మూసుకొని కూసున్న. ఈడ మూసుకోను.

పద్నాలుగు పాటలు విన్నవా? సరే. పద్నాలుగోది ఏం పాట? చెప్పు జర.

ఏమాయె? ఫోన్ల ఎతుకుతున్నవా?

నేను చెప్తా. పద్నాలుగోది పాట గాదు. ఆఖరి రోజు మిషను బంద్ చేసుడు మర్చిపోయిండు రికార్డు చేసిన శ్రీశైలు. నాయిన దగ్గు పడ్డది అండ్ల, కుర్చీ గుంజిన సప్పుడు పడ్డది. "హెలెనూ, జర నీళ్ళియ్యి బిడ్డా" అన్నది పడ్డది. గంతే. పాటలు పదమూడే. నేను నీకు పంపిన ఫైలు పేర్ల చిట్టీల పద్నాలుగు అని ఉంటే, నువ్వు ఆ చిట్టీ చదివి సాక్ష్యం చెప్పినవ్. దేవుని మందిరంల, బలిపీఠం ముంగట, చేతుల మైకు పట్టుకొని. నీకు జర భయం సుత కాలేదా?

తల దించుకుంటే అయిపోతదా? ఇను ఇంక.

నీకు అన్నీ యాదికి చేస్తా, పట్నం పోయినంక యాది తక్కువైనట్టుంది. ఆపరేషనుకు వారం ముందట డాక్టరు సాఫ్‌సీదా చెప్పిండు. గొంతు కోసి గడ్డ తీసెయ్యాలె, మనిషి బతుకుతడు గని మాట పోతది అన్నడు. ఇంట్ల అందరం ఏడిస్తిమి. నాయిన ఏడ్వలే. "నా పాటలు ఎట్ల?" అన్నడు. నలభై ఏండ్ల పాటలు! మాటలంటే నోటుబుక్కుల ఉన్నయి. రాగం ఏడున్నది? ఆయన గొంతులనే ఉన్నది.

హుమ్నాబాద్ తీస్కపోయిన. శ్రీశైలు అని, పెండ్లిండ్ల వీడియోలు తీస్తడు, చిన్న స్టూడియో ఉన్నది. బయట లారీలు పోతుంటే ఆగాలె, లారీ పోయినంక మళ్ళ పాడాలె. మూడు రోజులు పాడిండు. దస్తీల నెత్తురు పడుతుంటే జేబుల కుక్కుకొని పాడిండు. నాకు కనబడొద్దని. నాకు కనబడదా? పక్కన పెట్టె వాయిస్తున్నదాన్ని నేనే గదా.

అప్పుడు నీకు ఫోన్ చేయమన్నడు. మన చర్చిల పాట నేర్చుకొని పట్నం చేరినోడివి నువ్వొక్కడివే అని ఆయన గుడ్డి నమ్మకం. నువ్వేమన్నవ్? "పంపు అక్కా! మాదాపూర్ల మా దోస్తుది పెద్ద స్టూడియో ఉన్నది, సాఫ్ చేయించి సీడీలు తీపిస్త, ఊరూరి సంఘానికి పంచుదాం" అన్నవ్. దూరమున్న హుల్సూర్ సంఘానికి సుత పంపుదాం అని నువ్వే అన్నవ్. నాయిన ఆ మాట పట్టుకొనే ఆపరేషను బల్ల ఎక్కిండు.

నేను సీడీ చేయించి బస్సు డ్రైవరు చేతికిస్తా అన్న. బీదర్ బస్సు లింగంపల్లి మీదకెళ్ళే పోతది గదా, నీ రూముకు పది నిమిషాలు సుత గాదు. నువ్వు పకపకా నవ్వితివి. "ఏ కాలంల ఉన్నవ్ అక్కా? సీడీలకు గీతలు పడతయి. బస్టాండుకు ఎవలొస్తరు? ఇప్పుడంత బ్రౌజర్లనే. సైటు తెరువు, ఫైలు ఎక్కియ్యి, లింకు నాకు పంపు. ఐదు నిమిషాల పని!"

ఐదు నిమిషాలు! మీ అద్దాల బిల్డింగుల ఐదు నిమిషాలు అవి. బీదర్ల ఐదు నిమిషాలు ఎట్లుంటయో మర్చిపోయినవా, లేకుంటే పుట్టిందే మాదాపూర్ల అనుకుంటున్నవా?

స్కూలు కాడి జీవరాజు నెట్ సెంటరుకు పోయిన. ముందుగాల మెయిల్ల పెడదామంటే మెయిలు మింగలే. "టీచరమ్మా, గింత పెద్దది దీనికి పట్టదు, ఏడు వందల ఎంబీ ఉన్నది" అన్నడు. సరే, నువ్వు చెప్పిన సైటే తెరిపిచ్చిన. నీలం గీత ఒకటి నడుస్తాంది. నడుస్తాందా? పాకుతాంది! శనివారం ఒంటిపూట బడి అయినంక కూసున్న. నలభై దాంక పోయింది. కరెంటు పోయింది. జీవరాజు ఇన్వర్టరు కంప్యూటర్లను నడిపిస్తది గని నెట్టు డబ్బాను నడిపియ్యదట. మళ్ళ మొదటికి వచ్చింది.

రెండో దినం తొంభై ఒకటి దాంక పోయింది తమ్మీ, తొంభై ఒకటి! జర చాయ్ తాగొస్తా అని పోయిన. వచ్చేసరికి జీవరాజు ఆ పేజీ మూసి ఎవలికో రైలు టికెట్ చేస్తుండు. "ఎవ్వలు కూసోలే, ఖాళీగున్నది అనుకున్న" అన్నడు. ఆ పేజీల నా నాయిన గొంతు పోతాందిరా అయ్యా అని మొత్తుకున్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు.

మూడో దినం బడికి సెలవు పెట్టిన. పొద్దుగాల సెంటరు తెరువంగనే కూసున్న. నీళ్ళు తాగలే, లేవలే. లేస్తే జీవరాజు టికెట్ చేస్తడని భయం. పగటీలి రెండు దాటినంక గీత నిండింది. లింకు పుట్టింది. నీకు పంపిన. పది రోజులే ఉంటది తమ్మీ, జల్ది దింపుకో అని తెలుగుల రాసిన, ఇంగ్లీషుల సుత రాసిన.

నువ్వేం రాసినవ్? "ష్యూర్ అక్కా." పక్కన నవ్వుతున్న బొమ్మ. గంతే.

మీటింగా? తెల్సు, మీటింగే. నేను ఫోన్ చేసినప్పుడల్ల మీటింగే. పది రోజులు ఒక్క మీటింగుల కూసున్నోడిని నిన్నే చూసిన. కంపెనీని నువ్వొక్కడివే నెత్తిన పెట్టుకొని మోస్తున్నవా ఏంది?

ఆ సైటుల లెక్క ఒకటి ఉంటది నోయలూ. నువ్వు అది నాకు చెప్పలే, జీవరాజు చూపిచ్చిండు. ఫైలు కింద రాసి ఉంటది, ఎన్నిసార్లు దింపుకున్నరో. బడి విడిచినంక రోజు పోయి చూసేదాన్ని. సున్న. తెల్లారి సున్న. ఆదివారం చర్చికెళ్ళి అటే పోయిన, సున్న. జీవరాజుకు సుత సమజయింది. నేను లోపలికి అడుగు పెట్టంగనే తల అడ్డం ఊపేటోడు.

అప్పటికి నాయిన ఇంటికొచ్చిండు. మెడల రంధ్రం, మూతికి గుడ్డ, చేతుల బడి పిల్లల పలక. నేను చెప్పులు ఇడువకముందే పలక ఎత్తి చూపిచ్చేటోడు. "విన్నడా?"

వింటుండు నాయినా, పెద్ద ఫైలు గదా, దిగుతాంది అనేదాన్ని. దిగుతాంది, దిగుతాంది, తొమ్మిది రోజులు దిగింది! ఒక మనిషి గొంతు బీదర్‌కెళ్ళి మాదాపూర్ పోయేటందుకు తొమ్మిది రోజులు పడుతదా? నడుచుకుంట పోయినా ఈపాటికి చేరేది గదా. ఆయనకు సుత ఆ మాట తట్టింది. పలక మీద "నడిచిపోతాందా?" అని రాసి నవ్వబోయిండు. నవ్వు రాలే.

తొమ్మిదో నాడు నాకు ఆ సైటోళ్ళ మెయిలు వచ్చింది. రేపు మీ ఫైలు తీసేస్తం, ఇప్పటిదాంక ఎవ్వలు దింపుకోలే అని. ఇంగ్లీషుల మర్యాదగ రాసిన్రు. మర్యాదగ రాస్తే ఇంక ఎక్కువ మండుతది. ఎవ్వలు దింపుకోలే. నలభై ఏండ్లు కోతలకు పాడిండు, పెండ్లిండ్లకు పాడిండు, సమాధుల కాడ పాడిండు. ఎవ్వలు దింపుకోలే!

ఇంటికి పోతే ఆ పలక మళ్ళ లేస్తది, ఏమని చెప్పాలె?

అప్పుడు నేనే నొక్కిన.

ఏంది, ఇప్పుడు తలెత్తినవ్? అవును, నేనే. గీత నడువంగనే సున్న పోయి ఒకటి వచ్చింది. పదేండ్ల సంది పిల్లలకు కాపీ కొట్టొద్దని బెత్తం పట్టుకున్నదాన్ని. నా ఫైలు నేనే దింపుకొని, ఆ పేజీ కాయితం మీద తీపిచ్చుకొని, చిన్నగ మడిచి సంచిల పెట్టుకొని ఇంటికి పోయిన. చూడు నాయినా, దింపుకున్నోళ్ళు ఒక్కరు అని చూపిచ్చిన. ఆయన ఆ ఒకటి అంకెను వేలుతోని నిమిరిండు. బైబిలుల పెట్టుకున్నడు.

పొద్దున నీకు చూపిచ్చింది అదే కాయితం. ఆరాధన ముందట నీ చెయ్యి పట్టుకొని చూపిచ్చిండు, నేను చూస్తనే ఉన్న. నువ్వు దింపుకోలే అని నీకు తెలుసు. మరి ఈ ఒక్కరు ఎవలు అని నీకు జర అనుమానం రాలే? రాలే! ఫుకట్ల పుణ్యం దొరికితే ఎవలడుగుతరు, కండ్లకద్దుకొని జేబుల ఏసుకున్నవ్.

అయితే అంతటితోని అయిపోతే నేను నీ కారుకు అడ్డం నిలబడకపోదును.

ఈ పెట్టె సంగతి నీకు తెల్సు గదా? తెల్వదా? ఓర్నీ, తెల్వకనే మోసుకపోతున్నవా!

ఇది సిద్దయ్య పంతులుది. నాయిన పదహారేండ్లప్పుడు, పంతులు కోత పండుగకు పాడుతుంటే నడుమల స్వరం తప్పింది. సంఘమంత ఆమేన్ అన్నరు. నాయిన ఒక్కడే లేచి, అయ్యా, ఆడ తప్పింది అన్నడు. తన్నులు పడతయి అనుకున్నరందరు. పంతులు పెట్టె తెచ్చి నాయిన ఒళ్ళె పెట్టిండు. పొగిడెటోళ్ళు మస్తుమంది ఉంటరు, విన్నోడు ఒక్కడు దొరికిండు అన్నడట. నా తప్పు పట్టినోనికే నా పెట్టె అని నాయిన సుత అదే మాట మీద బతికిండు. నలభై ఏండ్లు ఎవ్వలు పట్టలే. తప్పు లేక గాదు. మనోళ్ళకు చప్పట్లు కొట్టుడే వచ్చు.

కాయితం చూపిచ్చిన నాడు పలక మీద "ఏమన్నడు?" అని రాసిండు. మస్తు బాగున్నయి అన్నడు నాయినా అని చెప్పిన. అరచేతితోని తుడిచి మళ్ళ రాసిండు. "తప్పు లేదా?"

ఆయన మొఖం చూడాల్సి ఉండె తమ్మీ. బాగున్నయి అంటే విననట్టే లెక్క ఆయనకు. మొఖం అట్ల వాడిపోయింది. ఇగ నాకు ఏం తోచలే. నోటికి వచ్చేసింది. ఐదో పాట రెండో చరణంల స్వరం అందలే అన్నడు నాయినా, పైకి పోయేకాడ కిందనే ఆగిపోయినవట అన్న.

అది నువ్వు చెప్పినవా? నువ్వేడ చెప్తవ్! స్టూడియోల ఆ నాడు నేను పట్టిన. పెట్టె మీద నా వేలు పైమెట్టు మీద ఉన్నది, ఆయన గొంతు కింద ఉన్నది. చెప్తే మళ్ళ పాడతడు. దస్తీ నెత్తురుతోని నిండింది, ఎట్ల చెప్తా? గుటుక్కున మింగిన. నా వేలు సుత కిందికి దించి ఆయనతోనే నడిచిన. అది అట్లనే పాట అన్నట్టు.

అది మింగిన మాట నీ పేరు మీద కక్కిన.

ఏమయిందో ఎరికేనా? తొడ మీద చరిచిండు. మంచం మీదికెళ్ళి లేచి నిలబడ్డడు. పలక నిండ అక్షరాలు రాసిండు. "దొరికిండు!" నాకు చూపిచ్చిండు, రాచమ్మత్తను పిలిచి చూపిచ్చిండు, వాకిట్లకు పోయి పాలు పోసేటోనికి సుత చూపిచ్చిండు. తర్వాత నా కాడికి వచ్చి తల నిమిరి రాసిండు. "పక్కనే వాయించినవ్. నీకు తెల్వలే గదా బిడ్డా?"

తెల్వలే నాయినా అన్న.

ఇగ ఏమంట మరి? అనాలె గదా! నేనే పట్టిన అంటే, మరి నోయలు ఏమన్నడు అంటడు. నోయలు వినలే అని చెప్పాలె. ఒకటి గుంజితే అన్నీ ఊడివస్తయి. నీకు ఉత్తరం రాపిచ్చి, పండుగకు రమ్మని, అందరి ముంగట పెట్టె నీ ఒళ్ళె పెట్టిచ్చిండు. నేను తిత్తులు ఊదిన పెట్టె, ప్రతి బుధవారం స్త్రీల కూడికకు నేను మోసిన పెట్టె. నా కండ్ల ముంగటనే పోయింది. చప్పట్లు నేను సుత కొట్టిన.

ఛత్, ఏం చేస్తున్నవ్? దించుతున్నవా? ఖబర్దార్ దించితివా! పెట్టు లోపల. పెట్టు అంటున్నా! మంచోడివి కావాలని ఇప్పుడు బుద్ధి పుట్టిందా? పొద్దున చేతుల మైకు ఉన్నప్పుడు పుట్టకపాయె. ఇప్పుడు నువ్వు దించితే ఎందుకు దించినవ్ అంటడు. నువ్వు నిజం చెప్తవ్, నీ మనసు అల్కగ అయితది, కారెక్కి పోతవ్. ఇంట్ల ఆ మనిషితోని ఉండేది ఎవలు? నువ్వా, నేనా?

ఆయనకు గొంతు పోయింది, తిండి పోయింది, మిగిలింది ఒక్కటే. ఎవలో ఒకడు నన్ను మంచిగ విన్నడు అన్నది. దాన్ని సుత గుంజుకుంటవా? నేను గుంజుకోను. పెట్టె పోతే పోయింది, కట్టెది గదా!

ఏడ్వకు. కొత్త చొక్కా ఖరాబయితది. చెవి ఒగ్గు. హర్రాజు అయిపోయినట్టుంది, అగో, నాయిన లేచిండు. ఇటే వస్తుండు. నడుమల ఆగి పలక మీద ఏదో రాస్తుండు. ఏం రాస్తుండో నాకు తెల్సు. ఐదో పాట ఎట్ల ఉండాల్నో పాడి చూపియ్యి అంటడు నిన్ను. నువ్వు గుడ్లు మిటకరిస్తవ్.

ఇను, జల్ది ఇను. 'మా కళ్ళమంతా నీ కృప నిండె...' ఇట్ల వస్తది. 'నిండె' కాడ పైకి ఎక్కాలె. ఇగో ఇట్ల, 'నిం...డె'. ఆయన ఎక్కలే, 'నిండె' అని కిందనే ఆగిండు. సమజయిందా? నువ్వు పైకి పోయి చూపియ్యాలె. అను నాతోని.

అట్ల గాదు, గొర్రె అరిచినట్టు! కడుపుల కెళ్ళి తియ్యి. మళ్ళ అను.

మళ్ళ.

ఆ. వచ్చింది. ఖర్మ, గొంతు మంచిదే ఇచ్చిండు నీకు దేవుడు. కండ్లు తుడుచుకో. నవ్వు.

దా నాయినా, దా, జర చూసి నడువు, ఆడ రాయి ఉన్నది. నోయలు గదే పాడి చూపిస్తుండు నాకు. అవ్, 'నిండె' కాడనే. ఎంత మంచిగ పట్టిండు గదా! ఏం రాస్తున్నవ్? నాకిప్పుడన్న తెలిసిందా అనా? ఆ నాయినా, నాకు సుత ఇప్పుడిప్పుడే తెలుస్తాంది.